విమానము నేలకు దిగు విధము

మన నగరమున నవంబరు మొదలు ఫిబ్రవరి వరకు తెల్లవారుజామున విమానప్రయాణము చేయువారికి ఒక చిక్కు తరచుగా ఎదురగుచుండును. చీకటితోనే ఇల్లు వదలి, దేవనహళ్ళి చేరి, సామాను అప్పగించి కూర్చున్న పిదప, దట్టమైన మంచువలన విమానము ఆలస్యమగునని ప్రకటన వినబడును. కొన్ని దినములలో బెంగళూరు మీదికి వచ్చిన విమానమే ఆకాశమున గుండ్రముగ తిరిగి తిరిగి, కడకు చెన్నపట్నమునకో హైదరాబాదునకో మరలిపోవును. సంక్రాంతికి విజయవాడకు, విశాఖపట్నమునకు, తిరుపతికి పోవు మన కుటుంబములకు ఇది పండుగ సమయమున కలుగు కష్టము. ఇన్ని కోట్ల వ్యయముతో నిర్మించిన విమానాశ్రయమునకు పొగమంచు అడ్డమా యని తలిదండ్రులు మమ్ము అడుగుచుందురు. ఒక విమానము దిగినదట, దాని వెనుక వచ్చినది దిగలేదట, ఇదేమి న్యాయమని అడిగినవారును కలరు.

ఈ ప్రశ్నలు సమంజసమైనవి. వీనికి సమాధానము తొమ్మిది, పది తరగతుల భౌతికశాస్త్రములోను, త్రికోణమితిలోను ఉన్నది. కనుక ఈ సంచికలో మేము ఆ విషయమునే ఒక పాఠముగా వ్రాయ సంకల్పించితిమి. పిల్లలను ప్రక్కన కూర్చుండబెట్టుకొని చదివినచో మరింత ప్రయోజనము కలుగును.

ముందుగా మంచును గూర్చి. పగటి ఎండకు వేడెక్కిన నేల, మబ్బులేని రాత్రి తన వేడిని ఆకాశమునకు వదలి చల్లబడును. నేలనంటియున్న గాలియు దానితో చల్లబడును. గాలిలో నీటియావిరి ఎంత నిలువగలదో అది ఉష్ణోగ్రతను బట్టి యుండును. గాలి చల్లబడిన కొలది ఆవిరి నిలువలేక, ఒక స్థాయికి వచ్చునప్పటికి సన్నని నీటి తుంపరలుగా మారును. ఆ స్థాయికి తుషారాంకమని పేరు. గాలి వీచుచుండినచో పై గాలియు క్రింది గాలియు కలిసిపోయి మంచు పట్టదు. గాలి స్తంభించి, నేల తడిగానుండి, ఆకాశము నిర్మలముగ నున్న రాత్రులే మంచుకు అనుకూలములు. సముద్రమట్టమునకు 915 మీటర్ల ఎత్తున, నందికొండకు చేరువలో, పొలములకును తోటలకును నడుమ నున్న దేవనహళ్ళి మైదానమునకు శీతకాలమున ఈ మూడును కూడివచ్చును. సూర్యుడు పైకి వచ్చి నేలను వేడిచేసినచో మంచు దానంతటదే విడిపోవును. అందుచేతనే ఈ ఆలస్యములు చాలవరకు ఉదయము తొమ్మిది గంటలకు పూర్వమే సంభవించును.

మన భాషలో మంచు అను మాట చాల విస్తారమైనది. గడ్డిమీది చుక్కయు మంచే, హిమాలయ శిఖరముపై నుండునదియు మంచే. కన్నడ సోదరుల మంజు అను మాటయు దీనికి చుట్టమే. వైమానిక వాతావరణ శాస్త్రమున మాత్రము మాటకు కొలత యున్నది. వెయ్యి మీటర్ల కంటె తక్కువ దూరము మాత్రమే కనబడుచున్నచో దానిని పొగమంచు అందురు. వెయ్యి నుండి ఐదువేల మీటర్ల వరకు కనబడినచో అది పలుచని మంచుతెర మాత్రమే. పైలట్టునకు కవిత్వము అక్కరలేదు, అంకె కావలెను.

ఆ అంకెను అందించునదియే మెటార్ అను వాతావరణ సందేశము. మన పెద్ద విమానాశ్రయములలో వాతావరణ శాఖవారు ప్రతి అరగంటకు ఒకసారి గాలిని, వెలుతురును, మబ్బును, ఉష్ణోగ్రతను, పీడనమును కొలిచి, ఒకే పంక్తిలో కూర్చి ప్రపంచమునకెల్ల పంపుదురు. దీనిని ఇంటర్నెట్టున ఎవరైనను చూడవచ్చును. చూచినవారికి మొదట తాళపత్రమువలె కనబడును, కాని పొడి విడుట కష్టము కాదు. పాఠము కొరకు మేము కల్పించిన యొక మాదిరిని, రోమను అక్షరములకు మారుగా తెలుగు అక్షరములతో, ఇక్కడ ఇచ్చుచున్నాము.

విఓబిఎల్ 140030జడ్ 00000కెటి 0150 ఆర్09ఆర్/0200 ఎఫ్‌జి వివి001 17/17 క్యూ1016

మొదటి నాలుగక్షరములు ఊరిపేరు. విఓబిఎల్ అనగా కెంపెగౌడ అంతర్జాతీయ విమానాశ్రయము. దక్షిణ భారతమున నున్న విమానాశ్రయముల పేర్లు వి, ఓ అను రెండక్షరములతో మొదలగును. శంషాబాదు విఓహెచ్ఎస్, గన్నవరము విఓబిజడ్, విశాఖ విఓవిజడ్, తిరుపతి విఓటిపి. 140030జడ్ అనగా నెలలో 14వ తేది, గ్రీనిచ్ కాలమానము ప్రకారము అర్ధరాత్రి దాటి ముప్పది నిమిషములు. మన గడియారమునకు ఐదున్నర గంటలు కలుపవలెను గనుక ఉదయము ఆరు గంటలు. 00000కెటి అనగా గాలి లేదు. మొదటి మూడంకెలు గాలి వచ్చు దిక్కును, తరువాతి రెండును నాట్లలో వేగమును తెలుపును, ఇచ్చట అన్నియు సున్నలు. 0150 అనగా కనబడు దూరము 150 మీటర్లు. ఎఫ్‌జి పొగమంచు. వివి001 అనగా ఆకాశమువైపు చూచినను నూరడుగులకు మించి కనబడుట లేదు. 17/17 అనునది అసలు రహస్యము. మొదటిది గాలి ఉష్ణోగ్రత, రెండవది తుషారాంకము. రెండును సమానమైనవి, మంచు పట్టినది. ముందటి రాత్రి పదకొండు గంటలకు ఈ రెండంకెలు 20/17గా నుండి, ఒంటిగంటకు 18/17గా మారినచో, తెల్లవారునప్పటికి ఏమగునో ఆరవ తరగతి బాలుడును ఊహింపగలడు. ఉదయపు విమానమునకు పోవువారు రాత్రియే ఈ రెండంకెలను చూచుకొనుట మంచిది.

ఈ సంకేతములలో ఒక భాషావిశేషము కలదు. పలుచని మంచునకు బిఆర్ అనియు, పొగకు ఎఫ్‌యు అనియు, వడగండ్లకు జిఆర్ అనియు వ్రాయుదురు. ఆంగ్లము తెలిసినవారు ఈ అక్షరములకు ఆంగ్లపదములను వెదకి విసిగిపోవుదురు. అవి ఫ్రెంచి పదములు: బ్రూమ్, ఫ్యుమే, గ్రెల్. విమానయానపు తొలిదినములలో ఫ్రెంచివారికున్న స్థానము ఈ అక్షరములలో నిలిచియున్నది.

ఆర్09ఆర్/0200 అనుదానిని వేరుగ వివరింపవలెను. ఇది రన్‌వే దృశ్యదూరము. కంటితో చూచి చెప్పు దూరము వేరు, రన్‌వే పొడవున నిలిపిన యంత్రము చెప్పు దూరము వేరు. ఒక స్తంభమునుండి మరియొక స్తంభమునకు కాంతిని పంపి, నడుమ మంచువలన ఎంత కాంతి నష్టమైనదో కొలుచుటచే, పైలట్టు రన్‌వే దీపములను ఎంత దూరమునుండి చూడగలడో లెక్క తేలును. ఒకప్పుడు ఈ యంత్రములను విదేశములనుండి తెప్పించుకొనుచుండిరి. తరువాత మన బెంగళూరుననే యున్న జాతీయ వైమానిక ప్రయోగశాలవారు స్వదేశముననే దీనిని నిర్మించి దానికి దృష్టి అని పేరు పెట్టిరి. దేశములోని అనేక విమానాశ్రయములలో అది నేడు పనిచేయుచున్నది. చక్కని పేరు, చక్కని పని.

ఇక క్యూ1016. ఈ అంకెను మేము మిక్కిలి ముఖ్యముగా భావింతుము, కనుక దీనియొద్ద కొంచెము ఆగెదము. విమానములోని ఎత్తు చూపు సాధనము నిజమునకు ఎత్తును కొలువదు, గాలి పీడనమును కొలుచును. పైకి పోయిన కొలది పీడనము తగ్గును. భూమికి దగ్గరలో సుమారు ముప్పది అడుగులకు ఒక హెక్టోపాస్కల్ వంతున తగ్గునని స్థూలముగ చెప్పవచ్చును. కాని సముద్రమట్టమున పీడనము ప్రతిదినము ఒకేరీతిగ నుండదు. బంగాళాఖాతమున వాయుగుండము పట్టినపుడు తగ్గును, శీతకాలపు నిర్మలదినములలో పెరుగును. కావున దిగబోవు ప్రతి విమానమునకు ఆనాటి, ఆ గంట పీడనమును తెలిపి, సాధనమును దానికి సరిదిద్దుకొనుడని చెప్పుదురు. అట్లు సరిదిద్దినచో రన్‌వే మీద నిలిచిన విమానములో సాధనము సున్న చూపదు, దేవనహళ్ళి ఎత్తైన సుమారు 3,000 అడుగులు చూపును.

ఇప్పుడొక లెక్క. నిజమైన పీడనము 1003గా నుండగా పైలట్టు పొరపాటున 1013 పెట్టినాడనుకొందము. పది హెక్టోపాస్కళ్ళ తేడా. పదిని ముప్పదిచే గుణించినచో మూడువందల అడుగులు. అనగా విమానము ఉన్నదానికంటె మూడువందల అడుగులు ఎక్కువ ఎత్తున నున్నట్లు సాధనము చూపును. మంచులో దిగునపుడు రెండువందల అడుగుల ఎత్తున నిర్ణయము తీసికొనవలసియుండును. సాధనము ఆ రెండువందలను చూపుటకు ముందే చక్రములు నేలను తాకును, అదియు రన్‌వే మీద కాకపోవచ్చును. అందుచేతనే నియంత్రణాధికారి పీడనపు అంకెను చెప్పగానే పైలట్టు దానిని మరల పలికి వినిపింపవలెనను నియమము ఏర్పడినది. మన తరగతిలో ఎక్కములు అప్పచెప్పించుకొనుటయు ఇట్టిదే.

గాలిని గూర్చి కొంచెము. విమానము ఎల్లపుడు గాలికి ఎదురుగా దిగుటకు యత్నించును, అపుడు నేలమీద వేగము తక్కువగ నుండి తొందరగ ఆగును. మన ప్రాంతమున శీతకాలపు గాలి తూర్పునుండియు, వర్షకాలపు గాలి పడమటినుండియు వచ్చును. అందుచే బెంగళూరు రన్‌వేలు తూర్పు పడమరలుగ నున్నవి. దిక్సూచి చూపు అంశములలో చివరి సున్నను తీసివేసినచో రన్‌వే పేరు వచ్చును. తూర్పు 90 అంశములు గనుక 09, పడమర 270 గనుక 27. ఒకే రన్‌వేకు రెండు కొసలు, రెండు పేర్లు, వాని భేదము ఎప్పుడును 18. ప్రక్కప్రక్కన రెండున్నచో ఎడమది, కుడిది అని అక్షరము చేర్చుదురు. తూర్పుముఖముగ చూచిన 09 కుడి, పడమటిముఖముగ చూచినచో 27 ఎడమ యగును. ఇది 2019 డిసెంబరులో ప్రారంభమైన దక్షిణపు రన్‌వే.

పై సమాచారమునంతను క్లుప్తముగ కూర్చి రేడియోలో ఎడతెగక వినిపించు ఏర్పాటునకు ఏటిస్ అని పేరు. వార్త మారినపుడెల్ల దానికొక అక్షరము, ఆల్ఫా, బ్రావో, చార్లీ అని వరుసగ పెట్టుదురు. పైలట్టు నియంత్రణ కేంద్రమును పిలిచినపుడు తాను ఏ అక్షరపు వార్తను విన్నాడో చెప్పును. అది పాతదైనచో క్రొత్తది వినుమందురు. ఈ అక్షరనామములు 1956 నుండి అన్ని దేశములలోను అమలులో నున్నవి. అనేక భాషలవారు పలికి పరీక్షించి ఎన్నుకొన్న మాటలివి. ఇందులో ఆల్ఫాను ఎఫ్ అక్షరముతోను, జూలియెట్‌ను చివర రెండు టి అక్షరములతోను వ్రాయుదురు, ఏలయన వేరుభాషలవారు తప్పుగ పలుకకుండుటకు. తొమ్మిదిని నైన్ అనక నైనర్ అందురు, మూడును ట్రీ అందురు. ఉచ్చారణలో పట్టుదల మా తెలుగు పండితులకే కాదు, ఆకాశమునను కలదు.

భాషను గూర్చి చెప్పుచున్నాము గనుక ఒక దుఃఖకరమైన సంఘటనను స్మరింపవలెను. 1996 నవంబరు 12వ తేదిన హర్యానాలోని చర్ఖీదాద్రీ పైన సౌదీ విమానము, కజకస్తాను విమానము ఢీకొని 349 మంది మరణించిరి. కజక్ విమానము 15,000 అడుగుల యొద్ద నిలువవలసియుండగా ఇంకను క్రిందికి దిగినది. దాని సిబ్బందికి ఆంగ్లము తగినంత రాకపోవుట కారణములలో ఒకటిగా విచారణలో తేలినది. ఆ తరువాత అంతర్జాతీయ పౌరవిమానయాన సంస్థవారు పైలట్లకును నియంత్రణాధికారులకును భాషాసామర్థ్య పరీక్షను విధించిరి, అది 2008 మార్చి నుండి వర్తించినది. తెలుగు మాధ్యమమున చదివిన పిల్లలకు ఈ వృత్తి అందదని కొందరు తలిదండ్రులు భయపడుదురు. మా యభిప్రాయము వేరు. రేడియోలో వాడు ఆంగ్లము కొలది వందల మాటలకు మించదు, దానిని శ్రద్ధతో నేర్చుకొనవచ్చును. కాని పీడనము తగ్గిన సాధనము ఎందుకు ఎక్కువ చూపునో అర్థము కానివానికి ఆ మాటలు ఎన్ని వచ్చినను ప్రయోజనము లేదు. ఆ యర్థము పిల్లవానికి ఇంటిభాషలో తొందరగ పట్టువడుట మేము ప్రతి సంవత్సరము చూచుచునే యున్నాము.

మంచులోను చీకటిలోను దారిచూపు సాధనములకు వత్తము. సముద్రతీరమున దీపస్తంభము ఎట్లో, భూమిమీద వీఓఆర్ అను రేడియో స్తంభము అట్లు. దానినుండి ఏ దిక్కుగ తానున్నాడో పైలట్టునకు తెలియును. దిక్కు తెలిసినంతమాత్రమున చాలదు, దూరమును తెలియవలెను. అందులకు డీఎంఈ కలదు. విమానము ఒక రేడియో స్పందనను పంపును, నేలమీది యంత్రము దానికి బదులు పంపును. రేడియో తరంగము సెకనుకు మూడు లక్షల కిలోమీటర్లు పోవును గనుక, పోయివచ్చిన కాలమును కొలిచినచో దూరము తెలియును. గుహలో కేకవేసి ప్రతిధ్వనిని లెక్కించుట వంటిదే. ఈ రెండును విమానమును ఊరికి చేర్చును గాని, రన్‌వే మొగమునకు కచ్చితముగ దింపుటకు చాలవు.

అందులకు ఏర్పడినది ఐఎల్ఎస్. రన్‌వే ఆవలి కొసను నిలిపిన యొక ఆంటెన్నా వరుస రెండు శ్రుతులను పంపును. దిగివచ్చు పైలట్టునకు ఎడమవైపున సెకనుకు 90 కంపనముల శ్రుతి హెచ్చుగను, కుడివైపున 150 కంపనముల శ్రుతి హెచ్చుగను ఉండును. రెండును సమానముగ నున్న గీతయే రన్‌వే నడిగీత. తంబురా శ్రుతి కలిసినదో లేదో చెవికి తెలిసినట్లు, ఇచ్చట యంత్రమునకు తెలియును. రన్‌వే ప్రక్కన నున్న మరియొక ఆంటెన్నా ఇదేరీతిగ నిలువున రెండు శ్రుతులను పంపి, మూడంశముల వాలుగల యొక అదృశ్యమైన బాటను ఏర్పరచును. ఆ బాటకు పైన 90, క్రింద 150. పైలట్టు ముందున్న రెండు సూచికలు నడుమ నిలిచినచో విమానము సరియైన దారిలో నున్నది.

పదవ తరగతి విద్యార్థులు ఇక్కడ టాంజెంటు పట్టికను తీయవలెను. మూడంశముల టాంజెంటు 0.0524. కావున నేలను తాకు చోటునకు పది కిలోమీటర్ల దూరమున విమానము 524 మీటర్ల ఎత్తున నుండవలెను, ఒక కిలోమీటరు దూరమున 52 మీటర్ల ఎత్తున. 140 నాట్ల వేగమనగా సెకనుకు సుమారు 72 మీటర్లు. దీనిని 0.0524చే గుణించినచో సెకనుకు 3.8 మీటర్లు, అనగా నిమిషమునకు 700 అడుగులకు కొంచెము పైగా దిగుచుండవలెను. ఈ 700 అను అంకెను గుర్తుంచుకొనుడు, ముందు దానితో పని కలదు.

తలిదండ్రుల ప్రశ్నకు ఇప్పుడు సమాధానము చెప్పవచ్చును. ఐఎల్ఎస్‌లో శ్రేణులు కలవు. మొదటి శ్రేణిలో 200 అడుగుల ఎత్తునకు దిగునప్పటికి రన్‌వే దీపములు కంటబడవలెను, రన్‌వే దృశ్యదూరము 550 మీటర్లకు తగ్గరాదు. ఆ ఎత్తునుండి నేలను తాకుటకు పదునారు సెకనులు మాత్రమే యుండును. రెండవ శ్రేణిలో నూరడుగులు, 300 మీటర్లు. మూడవ శ్రేణిలో బి అను తరగతియందు యాభై అడుగులకును లోపల, కొన్నియెడల నిర్ణయపు ఎత్తే లేకుండ, 50 మీటర్ల దృశ్యదూరమునకు దిగవచ్చును, అచ్చట విమానమును దింపునది స్వయంచాలక యంత్రమే. దేవనహళ్ళి విమానాశ్రయమున 2020 సంవత్సరాంతము వరకు దిగుటకు 550 మీటర్లు, ఎగురుటకు 300 మీటర్లు కావలసియుండెను. దక్షిణపు రన్‌వేకు మూడవ శ్రేణి బి అనుమతి లభించిన పిదప అవి 50 మీటర్లకును, 125 మీటర్లకును తగ్గినవి. అయితే విమానాశ్రయమునకు అనుమతి యున్నంత మాత్రమున చాలదు. విమానమునకు ఆ యంత్రములుండవలెను, పైలట్లిద్దరును ఆ శిక్షణ పొందియుండవలెను. మూడింటిలో ఒకటి లోపించినను ఆ విమానము చెన్నపట్నమునకు పోవలసినదే. ముందుది దిగి వెనుకది మరలిపోవుటకు కారణమిది. మరియు మంచులో దిగు విమానములకు నడుమ ఎడము ఎక్కువగ నుంచవలెను, రేడియో బాటకు అడ్డముగ వేరొక విమానము నిలువరాదు. కావున అనుమతి యున్న దినమునను ఆలస్యము పూర్తిగ పోదు.

మంచువలన కలిగిన ఆలస్యమును మనము కోపముతో చూతుము. కాని మన నగరమునకు సంబంధించిన ఘోరప్రమాదము మంచులో జరుగలేదు. 1990 ఫిబ్రవరి 14వ తేది మధ్యాహ్నము ఒంటిగంట దాటినపుడు, నిర్మలమైన ఆకాశమున, బొంబాయినుండి వచ్చిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ 605వ విమానము హెచ్.ఏ.ఎల్. విమానాశ్రయపు రన్‌వేను చేరక ముందే గోల్ఫు మైదానమున నేలను తాకి, గట్టును ఢీకొని మంటలపాలైనది. విమానమున 146 మంది యుండగా 92 మంది మరణించిరి. ఎయిర్‌బస్ ఏ320 రకపు ఆ విమానము మన దేశమునకు వచ్చి రెండు నెలలైనను నిండలేదు. వీఓఆర్, డీఎంఈ సాయముతో దగ్గరకు వచ్చి, రన్‌వే కంటబడిన పిదప చూపుతోనే దిగుచుండిరి. నిమిషమునకు 700 అడుగుల వంతున దిగవలసిన సమయమున, ఆ నిలువు వేగమును నిర్ణయించు మీటకు మారుగా ఎత్తును నిర్ణయించు మీటను త్రిప్పియుందురని విచారణలో ఊహించిరి. దానివలన ఇంజనులు కనీసశక్తికి దిగిపోయినవి, వేగము క్రమముగ తగ్గినది, విమానము బాటకు క్రిందికి జారినది. ఎత్తును యంత్రము గొంతెత్తి చదువుచునే యున్నది. థ్రాటిల్ ముందుకు త్రోయునప్పటికి ఇంజను పుంజుకొనుటకు కావలసిన కొలది సెకనులు మిగులలేదు.

ఇరువది సంవత్సరములకు, 2010 మే 22వ తేదిన, మంగళూరున దీనికి విపర్యయముగ జరిగినది. దుబాయినుండి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానము మూడంశముల బాటకు చాల పైన వచ్చి, రన్‌వేలో చాల భాగము దాటిన పిదప నేలను తాకి, కొండకొసను దాటి లోయలో పడినది. 158 మంది మరణించిరి, ఎనమండుగురు బ్రతికిరి. ఆనాడును మంచు లేదు. దిగుట విరమించి మరల లేవుమని సహపైలట్టు మూడుసార్లు చెప్పినను కెప్టెను వినలేదని విచారణ నివేదిక చెప్పుచున్నది.

ఒకటి బాటకు క్రిందుగ, ఒకటి బాటకు పైగ, రెండును తేటయైన ఆకాశమున. విమానము దిగువరకు ఎట్లైన సర్దుకొనవచ్చునను భావము విమానయానమున పనికిరాదని ఈ రెండును తెలుపుచున్నవి. నేటి నియమము ప్రకారము రన్‌వేకు వెయ్యి అడుగుల ఎత్తునకు, ఆకాశము తేటగనున్నచో అయిదువందల అడుగులకు, వచ్చునప్పటికి వేగము, వాలు, దిశ, చక్రములు, రెక్కల అమరిక అన్నియు సరిగ కుదిరియుండవలెను. ఏ ఒక్కటి కుదరకున్నను మరల లేవవలెను. రన్‌వే ప్రక్కన వరుసగ నున్న నాలుగు దీపములను చూచి కంటితోను సరిచూచుకొనవచ్చును. రెండు తెలుపు, రెండు ఎరుపు కనబడిన బాట సరి. నాలుగును తెలుపైన మిక్కిలి ఎత్తు, నాలుగును ఎరుపైన ప్రమాదకరముగ క్రిందు.

కావున తలిదండ్రులకు మా మనవి యొకటి. నేల దగ్గరకు వచ్చిన విమానము హఠాత్తుగ గర్జించి పైకి లేచినపుడు లోపలివారు భయపడుదురు, కొందరు పైలట్టునకు దిగుట చేతకాలేదని గొణుగుదురు. చేతకాకపోవుట కాదు, అది చేయవలసిన పని చేయుట. మరల లేచినందుకు పైలట్టును తప్పుపట్టరాదని నియంత్రణ సంస్థవారి విధానము. మన బిడ్డ ప్రక్క సీటులో భయపడుచున్నచో ఈ మాటను వానికి చెప్పవలెను.

ఈ సందేశములకు ఒక హద్దు కలదు. మెటార్ విమానాశ్రయపు పరిసరములకు మాత్రమే వర్తించును, దారి మధ్యనున్న కొండలకు కాదు. 2009 సెప్టెంబరు 2వ తేదిన బేగంపేటనుండి చిత్తూరు వైపు బయలుదేరిన హెలికాప్టరు నల్లమలలో కూలి ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డిగారును, వెంటనున్న నలుగురును మరణించుట తెలుగువారు మరువలేరు. దారిలోని వాతావరణమునకు రాడారు చిత్రములు, మార్గసూచనలు వేరుగ చూచుకొనవలెను.

నేలమీది ఐఎల్ఎస్ ఖరీదైన సాధనము, ప్రతి చిన్న ఊరికి పెట్టుట కుదరదు. అందుకు మన దేశపు మార్గము గగన్. ఉపగ్రహములనుండి వచ్చు స్థాన సమాచారములోని దోషమును నేలమీది కేంద్రములు లెక్కించి, ఆ సవరణను మరల ఉపగ్రహము ద్వారా విమానములకు పంపును. ఇస్రో, భారత విమానాశ్రయ ప్రాధికార సంస్థ కలిసి నిర్మించిన దీని ముఖ్యకేంద్రము మన బెంగళూరులోని కుందలహళ్ళిలో నున్నది. ఆ దారిన పోవు మన పిల్లలలో ఎందరికి ఈ సంగతి తెలియునో! 2015లో నిలువు దిశకు కూడ దీనికి ధ్రువీకరణము లభించినది. 2022 ఏప్రిల్ 28వ తేదిన రాజస్థానములోని కిషన్‌గఢ్ నందు ఇండిగో వారి ఏటీఆర్ విమానము ఐఎల్ఎస్ లేకుండ గగన్ సాయముతో దిగినది.

ఇంటివద్ద అభ్యాసమునకు మరియొక కల్పిత సందేశము ఇచ్చుచున్నాము. ఇది మామిడివానల కాలపు సాయంకాలము వచ్చు తీరుది. టిఎస్‌ఆర్‌ఏ అనగా ఉరుములతో వాన, ఎఫ్ఈడబ్ల్యూ025సిబి అనగా రెండువేల ఐదువందల అడుగుల ఎత్తున అచ్చటచ్చట ఉరుముమబ్బులు.

విఓబిఎల్ 201000జడ్ 27012కెటి 4000 టిఎస్‌ఆర్‌ఏ ఎఫ్ఈడబ్ల్యూ025సిబి 24/20 క్యూ1010

మన గడియారమున ఇది ఎన్ని గంటలు? మంచు పట్టునా? విమానములు దేవనహళ్ళికి ఏ దిక్కునుండి వచ్చి, ఏ అంకెగల రన్‌వే మీద దిగును? పీడనమును 1016 నుండి మార్చుట మరచిన పైలట్టునకు సాధనము ఎన్ని అడుగులు ఎక్కువ చూపును? సమాధానములు: మధ్యాహ్నము మూడున్నర, పట్టదు, తూర్పునుండి వచ్చి 27 మీద, 180 అడుగులు.